అరకు, లంబసింగి, మారేడుమిల్లి: బెంగళూరు నుంచి మన్యం వెళ్ళేవాళ్ళకి ఏది సరిపోతుంది?

దసరా వెళ్ళగానే మా అపార్ట్‌మెంట్లో ఈ ప్రశ్న మొదలవుతుంది. మారతహళ్ళిలో మేముండే బ్లాకులో పదకొండు తెలుగు కుటుంబాలున్నాయి. మా ఊరు చోడవరం దగ్గర కాబట్టి మన్యం గురించి ఏ సందేహం వచ్చినా లిఫ్టులోనే ఆపి అడుగుతారు. "అన్నా, డిసెంబరులో పిల్లలకి సెలవులు. అరకా, లంబసింగా, మారేడుమిల్లా? ఏది బాగుంటుంది?"

మూడూ బాగుంటాయి. అందుకే నేను ముందు తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: "మీతో ఎవరెవరు వస్తున్నారు?" మోకాళ్ళ నొప్పులున్న అమ్మా నాన్నా వస్తున్నారా, మూడేళ్ళ పాప ఉందా, లేక ఆఫీసు కుర్రాళ్ళు నలుగురేనా? ఫోటోల్లో చూస్తే మూడు చోట్లా అవే కొండలు, అదే అడవి, అవే జలపాతాలు. తేడా అంతా చేరే దారిలోనూ, రాత్రి పడుకునే చోటులోనూ, ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రి ఎంత దూరం అన్నదాంట్లోనూ ఉంటుంది. ఎంపిక అక్కడి నుంచి మొదలుపెడితే తప్పు జరగదు.

బెంగళూరు వాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఎత్తు సంగతి. మన బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు లోయ ఎత్తూ దాదాపు అంతే. లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గర ఉంటుంది. విశాఖ వాళ్ళు ఉక్కపోత నుంచి అరకు ఎక్కి "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అంటారు. మనం ఏడాదంతా ఆ ఎత్తులోనే ఉంటున్నాం కాబట్టి మే నెలలో చల్లదనం కోసం వెయ్యి కిలోమీటర్లు వెళ్తే పెద్ద తేడా కనిపించదు. చలి కావాలంటే నవంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా వెళ్ళాలి. పచ్చదనం చాలనుకుంటే వానలు తగ్గాక అక్టోబరు బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో జలపాతాలు నిండుగా ఉంటాయి కానీ, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడతాయి, రైలు పట్టాల మీదికి బండరాళ్ళు దొర్లుతాయి. ఆ నెలల్లో చిన్నపిల్లలతో వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను.

ఇంకో మాట. లంబసింగిని "ఆంధ్రా కశ్మీర్" అంటారు, అక్కడ "మంచు పడుతుంది" అంటారు. తెలుగులో ఆకు మీది నీటిబొట్టూ మంచే, పొద్దున్నే కమ్ముకునే పొగా మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. మా పక్కింటి పాప స్నోమ్యాన్‌కి ముక్కు పెట్టాలని బ్యాగులో క్యారెట్ సర్దుకుంది. లంబసింగిలో పడేది పొగమంచు. మరీ చలి రాత్రుల్లో వేడి సున్నా దగ్గరికి పడిపోయి గడ్డి మీద తెల్లగా గడ్డకట్టిన పొర కనిపిస్తుంది. హిమపాతం ఉండదు. ఈ సంగతి పిల్లలకి బయల్దేరకముందే చెప్పండి.

పెద్దవాళ్ళతో వెళ్తుంటే అరకు

అమ్మానాన్నలు వస్తున్నారంటే నేను అరకు తప్ప ఇంకో పేరు చెప్పను. దానికి మొదటి కారణం రైలు. విశాఖ నుంచి పొద్దున ఏడు లోపే బయల్దేరే కిరండూల్ రైలు సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను అది. దారిలో 58 సొరంగాలు. చీకటి, వెలుతురు, చీకటి, మధ్యలో ఒక్కసారిగా లోయ. ఘాట్ రోడ్డు మీద కారులో వాంతులయ్యే మనిషి కూడా ఈ రైల్లో హాయిగా కూర్చుంటారు. 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలిస్తున్నారు. సీట్లు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే బెంగపడక్కర్లేదు, మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా గాలీ లోయా రెండూ దొరుకుతాయి.

చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. మధ్యాహ్నం బెంగళూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున విశాఖలో దిగుతారు కానీ, అప్పటికి ఆ రోజు అరకు రైలు వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి ఒక రాత్రి విశాఖలో ఉండేలా ప్లాన్ చేసుకోండి. విమానంలో వచ్చినా అంతే, ముందు రోజు సాయంత్రానికే చేరాలి. అలా ఉండటం పెద్దవాళ్ళకీ మంచిదే, ఒక రోజు ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటుంది. ఆగడం కుదరదనుకుంటే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులున్నాయి, సుమారు 115 కిలోమీటర్ల దారి.

బొర్రా గుహల విషయంలో జాగ్రత్త. గుహలు నిజంగా గొప్పవి. సున్నపురాయిని గోస్తనీ నీరు లక్షల ఏళ్ళు కరిగించి చేసిన పని అది. కానీ లోపలికి మెట్లు చాలా ఉన్నాయి, అవీ తడి మెట్లు. మా అమ్మ ఉత్సాహంగా దిగింది, ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. ఆ రాత్రి కాళ్ళకి కాపడం పెడుతూనే ఉన్నాం. మోకాళ్ళు బాగోలేని వాళ్ళని మొదటి మలుపు దాకా తీసుకెళ్ళి, ఆ పెద్ద గది చూపించి, అక్కడి నుంచే వెనక్కి తీసుకురండి. వాళ్ళు బయట బెంచీ మీద కూర్చుని జొన్నపొత్తులు తింటుంటే మీరు లోపలంతా చూసి రావచ్చు.

అరకులో నాకు నచ్చనిది శని, ఆదివారాల రద్దీ. డిసెంబరు చివరి పదిరోజుల్లో గది అద్దె రెండు మూడింతలవుతుంది, ఘాట్ రోడ్డు మీద కార్లు వరసగా ఆగిపోతాయి. మంగళవారం నుంచి గురువారం దాకా ఉండేలా చూసుకోండి. అరకు ఊళ్ళో గది దొరక్కపోతే అనంతగిరిలో ఉండండి. కాఫీ తోటల మధ్య ఉంటుంది, ఊరి రొద ఉండదు. నవంబరులో వెళ్తే దారి పొడవునా వలిసె పూల పసుపు కనిపిస్తుంది. ఫోటో కోసం చేలోకి దిగి పైరు తొక్కొద్దు. అది ఎవరో రైతు నూనెగింజల పంట.

ఇందిరానగర్‌లో అరకు కాఫీ తాగి "ఇది మన కాఫీ" అని సంబరపడే వాళ్ళం మనం. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పళ్ళు కోసే నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎర్రటి పళ్ళూ, అదే చెట్లకి పాకిన మిరియాల తీగలూ చూడొచ్చు. ఈ ఒక్క దృశ్యం కోసమైనా పిల్లల్ని తీసుకెళ్ళండి.

తెల్లవారుజామున లేచే ఓపిక ఉంటే పాడేరు, లంబసింగి

ఇది నా సొంత ఇష్టం. అందరికీ సరిపడని చోటు కూడా ఇదే.

మొదట ఒక గందరగోళం తీర్చుకుందాం. మేఘాల మీద నిలబడినట్టు కనిపించే ఫోటోలు చాలావరకు వంజంగి కొండవి. వంజంగి పాడేరు పక్కన ఉంది. లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది. రెండింటి మధ్య కొండదారిలో రెండు గంటల పైనే పడుతుంది. "లంబసింగిలో పడుకుని పొద్దున్నే వంజంగి వెళ్తాం" అనుకునే వాళ్ళు అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద కారు నడపాల్సి వస్తుంది. అలా చెయ్యొద్దు. వంజంగి కోసమైతే పాడేరులో గది తీసుకోండి. లంబసింగి కోసమైతే అక్కడే, లేదా చింతపల్లిలో ఉండండి.

వంజంగిలో మేఘాలు రోజూ ఉండవు. ఆకాశం తేటగా ఉండి, గాలి లేని చలి రాత్రయితే బరువైన చల్లగాలి లోయలోకి జారి అక్కడే మంచుగా గడ్డకట్టినట్టు నిలుస్తుంది. కొండ మీద నిలబడితే అది మన కాళ్ళ కింద పాలసముద్రంలా పరుచుకుంటుంది. ఎండ గట్టిపడగానే చెదిరిపోతుంది. అందుకే నాలుగింటికల్లా కొండ కింద ఉండాలి. అక్కడి నుంచి రాళ్ళ దారిలో చీకట్లో ఎక్కాలి కాబట్టి తలకి కట్టుకునే టార్చి, పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. రెండు పొద్దులు చేతిలో పెట్టుకుని వెళ్ళండి, ఒకటి మబ్బుపట్టినా రెండోది దక్కుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళూ, గుండె జబ్బుకి మందులు వాడేవాళ్ళూ ఆ చలిలో ఆ ఎక్కుడు పెట్టుకోవద్దు.

లంబసింగికి విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా వెళ్ళాలి. నర్సీపట్నం దాటాక ఘాట్ మొదలవుతుంది. పెట్రోలూ డబ్బూ మందులూ అక్కడే చూసుకోండి. స్థానికులు లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ మాట ఎంత నిజమో నాకు ఒక రాత్రి తెలిసింది.

తమ్ముడి కుటుంబంతో వెళ్ళాం, వాళ్ళ బాబుకి అప్పుడు నాలుగేళ్ళు. ఆన్‌లైన్‌లో కనిపించిన ఒక టెంట్ల చోట రెండు టెంట్లకి పూర్తి డబ్బు కట్టేశాను. దారిలో భోజనాలకి ఆగి, చేరేసరికి రాత్రి పది. ఫోన్ తియ్యలేదు. ఇంకాస్త ముందుకి వెళ్తే సిగ్నలే పోయింది. ఎలాగో చోటు వెతికి పట్టుకుంటే మా టెంట్లు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ రాత్రంతా కారులోనే, బాబుని నాలుగు స్వెటర్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మూడున్నరకి టీ కొట్టు తెరిచిన ఒకావిడ మమ్మల్ని చూసి, "పిల్లోడితో ఏటమ్మా ఇలాగ, రండి పొయ్యి దగ్గరికి" అని పిలిచింది. ఆ టీకి డబ్బులు కూడా తీసుకోలేదు.

అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. పూర్తి డబ్బు ముందు కట్టను. బయల్దేరే రోజు పొద్దున మనిషితో మాట్లాడి, "గది మీకే" అనిపించుకుంటాను. సాయంత్రం నాలుగింటికల్లా చేరిపోతాను. ఈ మూడూ మీరూ పాటించండి. పిల్లలుంటే టెంట్ అసలు వద్దు. మంచు గుడ్డలోంచి దిగి దుప్పట్లు తడిసిపోతాయి, రాత్రి బాత్రూమ్ దూరంగా ఉంటుంది. గోడలున్న గది, వేడినీళ్ళు, లోపలే బాత్రూమ్ ఉందో లేదో అడిగి తీసుకోండి. బెంగళూరులో వేసుకునే పల్చటి జాకెట్ చాలదు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, రెండు జతల సాక్సులు ఉండాలి.

చూడటానికి తాజంగి చెరువు, స్ట్రాబెర్రీ తోటలు ఉన్నాయి. జి.మాడుగుల వైపు వస్తే కొత్తపల్లి జలపాతం. నేను మాత్రం పిల్లల్ని చింతపల్లిలో ఆపుతాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట దాడి చేసిన పోలీస్ స్టేషన్ చింతపల్లిదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ కొండల మధ్య ఒక్కసారి ప్రయాణం చేస్తే, వరసగా మూడు రోజులు అంత దూరం అడవిలో నడిచి వెళ్ళారంటే ఆ మనుషులు ఎలాంటివాళ్ళో పిల్లలకి అర్థమవుతుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన జిల్లాకి ఆయన పేరే పెట్టారు, ముఖ్య కేంద్రం పాడేరు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది.

అడవీ తిండీ చాలనుకుంటే మారేడుమిల్లి

మారేడుమిల్లికి విశాఖ వెళ్ళక్కర్లేదు. కాకినాడ వెళ్ళే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో దిగి, అక్కడి నుంచి రంపచోడవరం మీదుగా రెండున్నర గంటలు వెళ్తే చాలు. ఎత్తు తక్కువ కాబట్టి లంబసింగి అంత చలి ఉండదు. చిన్నపిల్లలున్న వాళ్ళకి అది మేలే. అడవి మాత్రం మూడింట్లో ఇక్కడే చిక్కగా ఉంటుంది. జలతరంగిణి, అమృతధార జలపాతాలు రోడ్డుకి దగ్గర్లోనే ఉన్నాయి.

బొంగులో చికెన్ గురించి ఒక మాట. అరకులోనూ అమ్ముతారు, కానీ ఇక్కడ తినండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిని కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులోని తడితోనే ముక్క ఉడుకుతుంది. రద్దీ వేళ కొన్ని చోట్ల ముందే కాల్చి పెట్టింది వేడిచేసి ఇస్తారు. మీ కళ్ళ ముందు బొంగు కూరించుకుని ముప్పావుగంట ఆగండి.

గుడిస కొండ మీది గడ్డిమైదానం కుర్రాళ్ళకి నచ్చుతుంది. సొంత కారు ఎక్కదు, స్థానిక జీపు తీసుకోవాలి. దారి కుదుపులకి నడుము నొప్పి ఉన్నవాళ్ళు తట్టుకోలేరు.

ఒకే ప్రయాణంలో మూడూ చూడొచ్చా అని కూడా అడుగుతారు. మ్యాపులో చూస్తే కుదురుతుందనిపిస్తుంది. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి ఉంది, మారేడుమిల్లికి మాత్రం రంపచోడవరం నుంచి పక్కకి వెళ్ళి రావాలి. వారం రోజుల సెలవు, నడిపేవాళ్ళు ఇద్దరు ఉంటే అందమైన ప్రయాణమే. ఎక్కడ రోడ్డు బాగుంది, ఎక్కడ తవ్వి ఉంది అన్నది ముందు రోజు రాత్రి గది వాళ్ళని అడగండి. నాలుగు రోజులే ఉంటే మాత్రం ఒక్కచోటు ఎంచుకుని అక్కడే ఉండిపోండి.

ఎక్కడికి వెళ్ళినా

చీకటి పడ్డాక ఘాట్ దిగొద్దు. పాడేరులో ఒకసారి సాయంత్రం ఏడింటికి విశాఖ బయల్దేరబోతుంటే జీపు డ్రైవర్ ఒకాయన కారుకి అడ్డం నిలబడ్డాడు. "సీకటడిపోయింది బాబూ, ఇప్పుడు ఘాటీ దిగొద్దు. పొద్దున్నే ఎల్దురుగాని." ఆగాం. పొద్దున్నే దిగుతుంటే మూడో మలుపులో లారీ ఒకటి పక్కకి ఒరిగి రోడ్డుకి అడ్డంగా ఉంది. పొగమంచులో అది మాకు కనిపించేదే కాదు.

దోమలు. మన్యం మలేరియా ఉండే ప్రాంతం, ఆ జ్వరానికి మన్యం జ్వరమని పేరే ఉంది. చలికాలమైనా సాయంత్రం నుంచి పొడుగు చేతుల బట్టలు వెయ్యండి, ఒంటికి ఓడోమాస్ లాంటిది రాయండి, దోమతెర ఉన్న గది అడగండి. అంతకన్నా ముఖ్యమైనది తిరిగొచ్చాక చెయ్యాలి. నెలలోపు జ్వరం వస్తే, బెంగళూరు డాక్టరుకి "ఏజెన్సీ ప్రాంతానికి వెళ్ళొచ్చాం" అని మీరే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీ అనుకుని రోజులు గడిపేస్తే ప్రమాదం. అక్కడే ఒంట్లో బాగోకపోతే పాడేరులో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. పెద్ద అవసరమైతే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి దిగాలి. మారేడుమిల్లి నుంచైతే రంపచోడవరం, ఆ తర్వాత రాజమండ్రి.

జలపాతాల దగ్గర తడి బండ మీద కాలు పెట్టొద్దు. అరకు దగ్గర చాపరాయి చూడటానికి పిల్లలు జారే బల్లలా ఉంటుంది. నాచు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఒక్కొక్కరి దగ్గర కనీసం రెండు రోజులకి సరిపడా నోట్లు ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్ పే పనిచెయ్యదు. తిరుగు ప్రయాణంలో చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం బళ్ళు వెతుకుతారు. సామాను తెరవమంటే తెరిచి చూపించండి. తెలియని వాళ్ళ పార్సిల్ ఏదీ తీసుకోవద్దు, ఎంత బతిమాలినా సరే.

అక్కడివాళ్ళ గురించి మనసులో ఉన్నది చెప్పాలి. బగత, కోందు, పోర్జ, కొండదొర, మారేడుమిల్లి వైపు కొండరెడ్లు, ఇవి ఇక్కడి గిరిజన తెగలు. ఇది వాళ్ళ ఇల్లు. చాలామంది పెద్దవాళ్ళకి తెలుగు రెండో భాష, మన మాట అర్థం కాకపోతే గొంతు పెంచొద్దు. ఫోటో తియ్యాలంటే అడిగి తియ్యండి. పిల్లలకి కారు కిటికీలోంచి చాక్లెట్లు విసరొద్దు, వాటి కోసం వాళ్ళు రోడ్డు మీదికి పరిగెడతారు. వాళ్ళ థింసా నృత్యం ఆడించుకోవాలంటే ముందే డబ్బు మాట్లాడుకుని మొత్తం బృందం చేతికి ఇవ్వండి. సంత ఏ రోజో అడిగి తెలుసుకుని వెళ్ళి పసుపు, రాజ్మా, పిప్పళ్ళు కొనండి, పది రూపాయల కోసం బేరం ఆడొద్దు. తేనె, కాఫీ పొడి అయితే గిరిజన సహకార సంస్థ కొట్లో తీసుకోవచ్చు. మనవాళ్ళు కొందరు "ఇక్కడ రెండు సెంట్ల స్థలం దొరుకుతుందా" అని అడుగుతుంటారు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఎవరైనా అమ్ముతామన్నా అది చెల్లదు. ఆ నేల వాళ్ళ దగ్గరే మిగిలి ఉండటానికి ఉన్న రక్షణ అది.

ఇక టికెట్ల విషయం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబరు 20న బయల్దేరాలనుకుంటే అక్టోబరు 21 పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోండి. తిరుగు టికెట్ దానికి కొన్ని రోజుల తర్వాత తెరుచుకుంటుంది. ఆ తేదీ కూడా ఇప్పుడే క్యాలెండర్లో రాసి పెట్టుకోండి, హడావుడిలో మర్చిపోయేది అదే.